జారని కారు

"కదులు! కదలవేం? కదిలి చావు!"

డాక్టర్ జగన్మోహన్ యాక్సిలరేటర్‌ని కాలికింద నలిపేస్తున్నాడు. నిండా నెల్లాళ్లు కాని జర్మన్ కారు, మంచులో దిగబడిపోయి, ఉలకలేదు పలకలేదు. వెనక చక్రాలు అరచుట్టు తిరిగాయో లేదో, డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం టపటపా కొట్టుకుంది. ఎవరో గొంతు నొక్కినట్టు ఇంజన్ గుర్రుమని నీరసపడిపోయింది.

"టైమెంతయింది?"

"పది దాటిందండీ," అంది పక్కసీట్లో శాలువా కప్పుకుని కూర్చున్న భార్య నళిని.

పదకొండింటికి సిరక్యూస్ ఊరి కోర్టులో వాళ్ల ఒక్కగానొక్క కూతురు రేణు పెళ్లి. ఆ సంగతి తండ్రికి తెలిసి గంటయినా కాలేదు. "డాడీ, టుడే లెవెన్‌కి నేనూ మైకూ కోర్ట్‌హౌస్‌లో మ్యారేజ్ చేసుకుంటున్నాం. ప్లీజ్, డోంట్ బీ మ్యాడ్," అని చెప్పి ఫోన్ పెట్టేసింది పిల్ల. ఎలాగైనా ఆపాలని ఉన్నపళంగా బయల్దేరాడు. హైవే మూసేశారని రేడియోలో విని పొలాల మధ్య అడ్డదారి పట్టాడు. ఆ అడ్డదారే కొంప ముంచింది.

"ట్రాక్షన్ కంట్రోల్ అన్నారు! కంప్యూటరన్నారు! ఎంత స్నో పడ్డా జారదన్నారు!"

అన్నమాట ప్రకారం కారు జారలేదు. కదలనూ లేదు. చక్రం కాస్త జారబోతే చాలు, లోపలి కంప్యూటర్ కనిపెట్టి ఇంజన్ బలం కోసేస్తోంది. నున్నటి ఐసు రోడ్డు మీద ఆ జాగ్రత్త ప్రాణాలు నిలబెడుతుందేమో గానీ, దిగబడ్డ కారుకి కావలసింది చక్రాలు నాలుగు చుట్లు పిచ్చెత్తినట్టు తిరగడం. ఆ ఒక్కటే కంప్యూటర్ జరగనివ్వదు. జగన్మోహన్ డ్రైవూ రివర్సూ మార్చి మార్చి వేసి చూశాడు. వేసినప్పుడల్లా దీపం కొట్టుకుంది, ఇంజన్ చచ్చుబడింది.

"ఎవరైనా వస్తారేమో, కాస్త ఆగుదామండీ."

"ఆగడానికి టైమెక్కడుంది? నీకేం తెలుసు డ్రైవింగ్ సంగతి!"

నళిని కిటికీవైపు తిరిగి కూర్చుంది.

ఆయన కిందకి దిగాడు. కంగారులో గ్లవ్స్ కూడా తెచ్చుకోలేదు. ఊళ్లో సగంమంది గుండెలు బాగుచేసిన ఆ చేతులతోనే చక్రాల ముందు మంచు తవ్విపోశాడు. వేళ్లు కొయ్యబారిపోయాయి. కాళ్లకింద పరిచే మ్యాట్లు లాగి టైర్ల కిందికి తోశాడు. లాభం లేకపోయింది. డిక్కీ తెరిస్తే మొన్న ఇండియన్ షాపులో కొన్న బియ్యం బస్తా కనిపించింది. పళ్లతో కొరికి మూతి చింపాడు.

నళిని అద్దం దించింది. "అయ్యో, బియ్యమండీ! టైర్ల కింద పోస్తారా?"

"నీ బియ్యం కంటే నాకు నా కూతురు ముఖ్యం!"

బస్తా మొత్తం గుమ్మరించాడు. వెంకటేశ్వరస్వామికి దండం పెట్టుకుని మళ్లీ స్టీరింగ్ పట్టుకున్నాడు. బియ్యం కరకరమన్నాయి. కారు జానెడు ముందుకి జరిగింది. ఆయన ప్రాణం లేచొచ్చింది. అంతలోనే చక్రం జారడం, దీపం వెలగడం, ఇంజన్ ఊపిరి ఆగిపోవడం క్షణంలో జరిగిపోయాయి.

"ఐదు నిమిషాలు, నళినీ! దాని ఎదురుగా ఐదు నిమిషాలు నిలబడితే చాలు. నా కళ్లల్లో నీళ్లు చూస్తే ఎంతటి పనైనా మానుకుంటుందది. చిన్నప్పట్నుంచీ అంతేగా!"

"అంతేనండీ. మానుకుంటుంది," అంది నళిని మెల్లగా.

రోడ్డు మీద పిట్ట కూడా కనపడలేదు, సెల్‌ఫోన్‌కి సిగ్నలూ లేదు. డ్యాష్‌బోర్డు గడియారం మీంచి చూపు తిప్పుకోలేక, చూడలేక, ఆయన నలిగిపోయాడు. పదకొండు దాటింది. ఇంకాసేపటికి బాగా దాటింది. జగన్మోహన్ స్టీరింగ్ మీద తల వాల్చి, పసిపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. నుదురు తగిలి మధ్యమధ్య హారన్ మోగుతోంది. పట్టించుకునే స్థితిలో లేడాయన.

నళిని తలుపు తీసుకుని దిగింది. వెనక చక్రం పక్కన, మంచు మీద చెదిరిన బియ్యంలో శుభ్రంగా ఉన్నవి ఏరి గుప్పిట పట్టింది. ఊరివైపు తిరిగి, కళ్లు మూసుకుని, గాల్లోకి చల్లింది. తర్వాత వచ్చి తన సీట్లో కూర్చుంది.

"ఏంటది?" అన్నాడాయన తల ఎత్తకుండానే.

"అక్షింతలండీ. పిల్ల పెళ్లి కదా."

కోప్పడే ఓపిక కూడా ఆయనలో మిగల్లేదు. "అంతా అయిపోయింది. ఇంక మనం ఇక్కడే గడ్డకట్టుకుని చద్దాం."

"చావడం దేనికి? వాళ్లిద్దరూ ఇంకా కోర్టు దగ్గరే ఉంటారు. వెళ్లి దీవించి, ఇంటికి భోజనానికి తీసుకొద్దాం."

"ఎలా వెళ్తామే? నడిచా?"

నళిని చెయ్యి చాచి, గేరు పక్కనున్న చిన్న మీట నొక్కింది. ఇందాకటినుంచి కొట్టుకుంటున్న దీపం నిలకడగా వెలిగింది.

"ఇప్పుడు తొక్కండి," అంది.

ఆయన అయోమయంగానే తొక్కాడు. చక్రాలు మంచునీ బియ్యాన్నీ వెనక్కి చిమ్ముతూ గిర్రున తిరిగాయి. రెండు ఊపులు ఊగి, మూడో ఊపుకి కారు రోడ్డెక్కి కూర్చుంది. జగన్మోహన్ భార్యవంక నోరు తెరుచుకుని చూశాడు.

"ఈ మీట సంగతి నీకెప్పుడు తెలిసింది?"

"కారు తెచ్చుకున్న రోజేనండీ. రాహుకాలం వచ్చేస్తోందని మీరు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టే హడావుడిలో ఉంటే, స్నోలో ఇరుక్కుంటే ఇది నొక్కాలని ఆ సేల్స్ అబ్బాయి నాకు చెప్పాడు."