లోపల ఎవరూ లేరు

"ఆగండి!"

ఎజ్రా కేకకు లాజరు చేతిలోని కాగడా గాలిలోనే ఆగిపోయింది.

"లోపల ఎవరో దగ్గారండి," అన్నాడు వాచర్ ఎజ్రా.

సెక్షన్ ఆఫీసర్ సుప్రియ వాచీ చూసుకుంది. ఎనిమిదిన్నర. మంచు ఆరింది. గాలి కొండవైపుకే వీస్తోంది. తునికి పడమటనున్న ఈ రిజర్వు అడవిలో నెల రోజులుగా పని జరుగుతోంది. ఒకదాన్నొకటి తోసుకుంటూ బక్కగా పెరిగిన చెట్లను పలచన చేశారు. పులికంప నరికారు. మంట దాటకుండా చుట్టూ మూడు మీటర్ల వెడల్పున నేల చెక్కి గీత తీశారు. ఇక మిగిలింది గీత లోపలి ఎండుగడ్డినీ కంపనూ తామే అదుపులో కాల్చెయ్యడం. తాము కాల్చకపోతే ఏప్రిల్లో ఎవరి బీడీ ముక్కో ఆ పని చేస్తుంది. ఆ మంట గీత దగ్గర ఆగదు. కొండ కింద నలభై ఇళ్ళున్నాయి, సగానికి పైగా తాటాకువే.

"ఎటువైపు నుంచి వినిపించింది?"

"ఆ పల్లంలోంచండి."

"అడవిపందేమో బాబాయ్," అన్నాడు లాజరు.

"పందికీ మనిషికీ తేడా తెలీదేంట్రా నాకు?"

అందరూ వరసగా నడిచి వెతికారు. కర్రలతో కంపల్ని కొట్టారు, కేకలేశారు. రెండు కౌజుపిట్టలు ఎగిరిపోయాయి, అంతే. బయటికొచ్చేసరికి తొమ్మిది.

"ఇంకోసారి చూద్దామండి," అన్నాడు ఎజ్రా. అరవైకి దగ్గరపడిన మనిషి. చొక్కా వీపుకు అంటుకుపోయింది.

నీళ్ళ బిందెలు గీత వెంట సర్దుతున్న రత్తమ్మను చూసి లాజరు నవ్వాడు. "నీ మొగుడేమో చూడవే రత్తమ్మా. అలిగి వచ్చి కంపలో కూర్చున్నాడేమో."

"చాల్లే నీ వేళాకోళం! రైలెక్కి పోయిన మనిషి కొండెందుకు ఎక్కుతాడు?"

"ఎక్కడికెళ్ళాడు మీ ఆయన?" అడిగింది సుప్రియ. ఆమె ఈ సెక్షన్‌కు వచ్చి ఎనిమిది నెలలే అయింది.

"తెలీదండి. పోయినేడు శివరాత్రి ముందు తుని స్టేషన్లో రైలెక్కుతుంటే ఎజ్రా బాబాయి చూశాడంట. ఆ మాటన్నా చెప్పాడు గనక, ఎక్కడో బతికే ఉన్నాడని బొట్టు పెట్టుకుంటున్నాను."

ఎజ్రా అప్పటికే మళ్ళీ కంపలోకి నడిచాడు.

రెండోసారి వెతకడం అయ్యేసరికి తొమ్మిదీ ఇరవై. సుప్రియ ఫోను మోగింది. రేంజ్ ఆఫీసర్.

"ఇంకా అంటించలేదేంటమ్మా? పది దాటితే గాలి ఊరి మీదకు తిరుగుతుంది. అనుమతి ఈ ఒక్కరోజుకే. తప్పితే ఈ ఏటికి మరిచిపోవాల్సిందే."

"ఎజ్రా గారు సంతకం పెట్టట్లేదు సార్. లోపల ఎవరో ఉన్నారంటున్నారు."

"ఎజ్రానా? పోయినేడు పక్క బ్లాకుకు చకచకా పెట్టేశాడే! అంతేకాదు, మిగిలిన నిప్పు ఆర్పడానికి రెండు రోజులు ఆ బూడిదలో ఒక్కడే తిరిగాడు. సాయం పంపిస్తానంటే వద్దన్నాడు. అలాంటివాడికి ఇప్పుడు భయమేంటి?"

సుప్రియ ఫోను పెట్టేసి అట్టకు బిగించిన కాగితం వైపు చూసింది. 'లోపల మనుషులు గానీ పశువులు గానీ లేరని స్వయంగా చూశాను.' పైన వాచర్ సంతకం ఉండాలి, కింద తనది. పైగీత ఖాళీగా ఉంది. అంటిస్తే ఒక ప్రాణం పోవచ్చు. అంటించకపోతే ఏప్రిల్ ఎంతమందిని బలి అడుగుతుందో తెలీదు. రెండింటి కిందా తన పేరే ఉంటుంది.

లాజరు దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "ఒక మాట మేడమ్. బాబాయికి పదిహేను మేకలున్నాయి. ఈ గడ్డే వాటి మేత. పది దాటేదాకా ఆయనకు దగ్గులు వినిపిస్తానే ఉంటాయి చూడండి. తర్వాత తుమ్ములు కూడా."

సుప్రియకు నవ్వు రాలేదు.

"రండి ఎజ్రా గారూ. ఈసారి మీరూ నేనే వెళ్దాం."

ఇద్దరూ పల్లంలోకి దిగారు. అతను ప్రతి పొదకింద మోకాళ్ళ మీద వంగి చూశాడు. ముళ్ళు గీరుకుని ముంజేతుల నిండా రక్తం చారలు. ఒక పొదలోకి భుజం దాకా చేయి పెట్టి తడిమాడు. "ఉంటే పలకండి బాబూ," అన్నాడు, బతిమాలుతున్నట్టుగా. "ఎవరూ ఏమీ అనరు. పలకండి చాలు."



తొమ్మిదీ ముప్పావు. పల్లం అంచున సుప్రియ అట్టా పెన్నూ అతని ముందు పెట్టింది. దూరంగా గీత అవతల లాజరు, రత్తమ్మ ఇటే చూస్తున్నారు. మాటలు వినిపించేంత దగ్గరలో లేరు.

"మూడుసార్లు చూశాం. ఒక్క అంగుళం వదల్లేదు. పెట్టండి."

ఎజ్రా పెన్ను తీసుకున్నాడు. కాగితం మీద ఆనించాడు. చిన్న చుక్క పడింది. పెన్ను ఆ చుక్క దగ్గరే ఆగిపోయింది.

"రావట్లేదండి."

"ఏం రావట్లేదు?"

"లేరని రాసున్న దాని కింద చెయ్యి కదలట్లేదండి."

"ఎజ్రా గారూ, కింద నలభై ఇళ్ళున్నాయి. మీ ఇల్లూ అందులోనే ఉంది. నిజం చెప్పండి. దగ్గు విన్నారా, లేదా?"

అతను రత్తమ్మ వైపు చూశాడు. ఆమె బిందె నడుముకు ఆనించుకుని, రెండో చెయ్యి ఎండ పడకుండా కళ్ళకు అడ్డం పెట్టుకుంది.

"ఈ వేళ వినలేదండి."

సుప్రియ ముఖం ఎర్రబడింది. "మరి గంటంబావు నుంచీ ఈ వెతుకులాటంతా ఏంటి? మేకల కోసమా?"

ఎజ్రా పెన్నుకు మూత పెట్టి ఆమె చేతికిచ్చాడు.

"నేను విన్నది పోయినేడండి."