మార్జిన్‌లో మొగుడు

"ఈ పెళ్లి జరగదు," అంటూ ఫాదర్‌గారు జ్ఞానస్నానాల పుస్తకం మీద అరచెయ్యి మోపి, సామ్రాజ్యానికి సరిహద్దు గీసినంత గంభీరంగా ప్రకటించారు. ఆ చర్చికి ఆయన వచ్చి పదకొండు రోజులే అయింది.

బల్లకు ఇవతల దుస్తులు కుట్టే ఆవిడ, ఆమె పక్కన తాళాలు బాగుచేసే ఆయన కొత్త బట్టల్లో బిగుసుకుపోయి కూర్చున్నారు. వరుడి కాగితాల కవరు ఇంకా విప్పనేలేదు. వధువు పేజీ దగ్గరే ప్రళయం ముంచుకొచ్చింది.

"నీ పేరు పక్కన మార్జిన్‌లో రాసి ఉంది. ఏడేళ్ల కిందటే నీకు పెళ్లయింది."

"ఆ పెళ్లి రద్దుచేసి కోర్టు విడాకులిచ్చింది కదా ఫాదర్!" ఆమె ప్లాస్టిక్ తొడుగు వేయించిన తీర్పును ముందుకు తోసింది.

"కోర్టు మాట కోర్టు గేటు దాకానే తల్లీ. మా బిషప్‌గారి మేత్రాసన న్యాయపీఠం వేరుగా విచారించి, అది మొదట్నుంచీ చెల్లదని తేల్చేదాకా మా క్యాథలిక్ శ్రీసభ లెక్కలో నువ్వు అతని భార్యవే."

"ఫాదర్, ఒక్క మాట..." అన్నాడు తాళాలాయన.

"నువ్వాగు నాయనా! ఒకరి భార్యను పెళ్లాడటానికి కోటు కుట్టించుకుని మరీ వచ్చావు."

"కుట్టింది నేనేనండి," అంది ఆమె. కళ్లొత్తుకుంది. "ఒక ఇల్లు, ఒక పొయ్యి, ఈ మనిషి. అంతేగా నేనడిగింది? ఇక లేనట్టేనా?"

ఆ కన్నీటి ముందు ధర్మశాస్త్రం సైతం కాస్త తలవంచింది. ఫాదర్‌గారు కళ్లద్దాలు తీశారు.

"ఆ భర్త బతికే ఉన్నాడా?"

"నిక్షేపంలా ఉన్నాడు."

"చెడ్డవాడా?"

"మొండివాడు. నేనూ తక్కువేం కాదు లెండి."

"అతని మీద ఇంకా మనసుందా?"

ఆమె తలొంచుకుంది. "ఎప్పుడు లేదు కనక?"

ఫాదర్‌గారు జాలిగా తాళాలాయన వైపు చూశారు. ఆయన ముఖం వెలిగిపోతోంది. పాపం, దుఃఖానికి మతి చలించిందనుకున్నారు.

"అయితే ఇంకేం తల్లీ! కొత్త పెళ్లీ వద్దు, విచారణా వద్దు. ఇవాళే ఆ మొగుడింటికి వెళ్లిపో. గడప తొక్కనిస్తాడా, లేదా?"

ఆమె కళ్లు తుడుచుకుని, పక్కకు తిరిగి, తాళాలాయన కోటుకు వదులైన గుండీని సవరిస్తూ అడిగింది:

"ఏమండీ, తొక్కనిస్తారా?"