శెట్టి అరుగు మీది రేడియో

“ముద్ర చెక్కుచెదరలే. తాళం బాగుండాది. మరి సిలోను యాడనుంచి వస్తాందప్పా?”

కేశవులు శెట్టి రేడియో పెట్టె ముందు కూర్చుని, సీసం ముద్రను భూతద్దంలో మళ్లీ చూశాడు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. పత్తికొండ దగ్గరి ఆ ఊరికి సర్కారు రేడియో ఇచ్చింది. పంచాయతీకి కట్టడం లేక, శెట్టి ఇంటి అరుగు మీద గోడగూట్లో పెట్టారు. గోడ అవతల వంటిల్లు. ఏరియల్ తీగ కోసం గోడకు బెజ్జం చేసి, వంటింట్లోంచి మిద్దె మీదికి లాగారు. పెట్టెకు జాలీ తలుపు, తలుపుకు తాళం; మీట, చప్పుడు బిరడా మాత్రమే బయటికి. లోపల స్టేషన్ మార్చే బిరడా పీకేసి, ఆ చోట రేకు కొట్టి, రేకు మీద ముద్ర వేశారు. ముల్లు బెజవాడ మీద నిలిచిపోయింది. ఊరంతా వినొచ్చు, ఎవరూ మార్చకూడదు. శెట్టి పెత్తనమంతా సాయంత్రం టక్కుమని మీట నొక్కడం, మళ్లీ టక్కుమని ఆపడం. ఆ మాత్రం పెత్తనానికే ఆయన ఉతికిన పంచె కట్టుకుని వచ్చేవాడు.

అట్లాంటి పెట్టెలో, పక్షం కిందట, వేరుశనగకు పట్టే గొంగళిపురుగు గురించి చెబుతున్న పెద్దమనిషి గొంతు సన్నబడి సన్నబడి ఆగిపోయింది. జనం లేచి పంచెలు దులుపుకునేలోగా ఆడమనిషి పాట మొదలైంది. అప్పటినుంచీ మీట నొక్కితే పాటలే. పాటలంటే సిలోను స్టేషనే అయుంటుందని ఊరంతా అనుకుంది.

ఊరికి పండగ, శెట్టికి గుండెదడ. ముద్ర తెగినా ముల్లు కదిలినా రేడియో పక్కూరికి పోతుందని ముందే గట్టిగా చెప్పి పోయారు. ఈ సాయంత్రమే కర్నూలునుంచి రేడియో ఇనస్పెక్టరు వస్తున్నాడు.

“నువ్వే తిప్పింటావు శెట్టీ,” అన్నాడు రైతు గోపన్న, అరుగు కింద బీడీ ఆర్పుతూ. “పురుగు సంగతి సగంలో ఆగిపాయ. నా చేన్లో పురుగు మాత్రం ఆగలే.”

“నేనెందుకు తిప్పుతానప్పా? చప్పుడు తగ్గిద్దామని ఇంకో బిరడా తిప్పితే అది గూడా తగ్గకపాయ. పెట్టెకు నేనంటే లెక్కే లేదు.”

“తగ్గించొద్దు,” అంది ఎదురింటి ఓబులమ్మ. “మా పెరట్లోకి ఇనపడల్ల. నిన్నటి పాట యా సినిమాదో?”

“కొత్తది. మనకాడికి ఇంకా రాలే,” అన్నాడు గోపన్న, అంతా తెలిసినవాడిలా.

“నడుమ నడుమ ఆగుతాందే?”

“సిలోను సముద్రం అవతల గదమ్మా. అలలు అడ్డమొస్తాంటాయి.”

శెట్టి భార్య రాజ్యలక్ష్మమ్మ అందరికంటే ముందే పీట వేసుకుని కూర్చుంది. “ఎవరింటి పిల్లో, ఏం గొంతమ్మా. మా ఇంట్లోనూ ఉండాది ఒక కోడలు. కాపరానికొచ్చి రెండేండ్లాయ, మామ చెవిన ఒక్క మాట పడనీలే.”

ఆమె తిట్టడం లేదు, గొప్ప చెప్పుకుంటోంది. ఆ ఇంట్లో మామకు కోడలి గొంతు వినిపించకూడదు, అత్త ముందు గుసగుసే. శెట్టి ఏదైనా అడిగితే సుందరలక్ష్మి తలుపు చాటునుంచి గాజులు కదిలించేది. అదే ఔను. కదిలించకపోతే కాదు.

దుమ్ము కొట్టుకుని బస్సు దిగి వచ్చాడు ఇనస్పెక్టరు. మంచినీళ్లు కూడా అడగలేదు.

“మీట నొక్కు శెట్టీ.”

శెట్టి కళ్లు మూసుకుని నొక్కాడు. పాట వచ్చింది.

“ఇది బెజవాడ గాదే.”

“గాదు సామీ. నేను ముద్ర ముట్టలే. మా ఊరి సుంకులమ్మ తల్లి మీద ఒట్టు.”

“ఒట్లెందుకులే.”

ఆయన తాళం తీసి, ముద్రను గోటితో గీకి చూశాడు. పెట్టెను గూట్లోంచి ముందుకు జరిపి, వెనక చెక్క విప్పి, లోపలికీ వెనక గోడవైపుకీ తొంగిచూశాడు. పాట నడుస్తూనే ఉంది. వంచిన తల చాలాసేపు ఎత్తలేదు. ఎత్తేసరికి మీసం కింద పెదవి అదురుతోంది. అంత కోపం శెట్టి ఏ అధికారిలోనూ చూడలేదు.

“పక్కూరికేనా సామీ?”

“ముద్ర మాదే. ముల్లు బెజవాడ మీదనే ఉండాది. ఎవురూ చెయ్యి పెట్టలే.”

“మరి పాటలు?”

“గాలి శెట్టీ. మీ ఊరి గాలి సంగతి మా ఇంజనీర్లకు గూడా అంతుపట్టదు.”

“అయితే నువ్వేం మార్చవు గదా నాయనా?” అంది ఓబులమ్మ.

“దీన్ని మార్చే అధికారం నాకు లేదమ్మా.”

అరుగంతా నవ్వులు. రాజ్యలక్ష్మమ్మ లోపలికి కేకేసి బెల్లం తెమ్మంది. ఇనస్పెక్టరు మీట ఆపి, చెక్క బిగించి, పెట్టెను గూట్లోకి నెట్టి, తాళం వేశాడు.

“వచ్చే నెల కొత్త బ్యాటరీ తెస్తా. అంతదాకా ఇట్లనే ఉండనీ.”

“పురుగు సంగతో?” అన్నాడు గోపన్న.

“నేను చెప్తాలే, ఇట్లా రా.”

“బస్సు పోతాది సామీ,” గుర్తుచేశాడు శెట్టి.

“పోనీ.” ఇనస్పెక్టరు చెప్పులు విడిచి, గోడకు చేరగిలబడి, దర్జాగా కూర్చున్నాడు. “నొక్కు శెట్టీ, ఇంకొకటి ఇందాం.”

శెట్టి ఈసారి కళ్లు తెరిచే నొక్కాడు. అందరూ మాటలు ఆపేశారు.

గోడ అవతల సుందరలక్ష్మి గొంతు సవరించుకుంది.