మైకు లేని మాస్టారు

"మీ గొంతు చిరుగుతోంది. మైకు గెయిన్ తగ్గించండి."

నోటితో అన్న మాటలు కావవి. పీ పీమని మోర్స్ కోడ్.

భిలాయి సెక్టార్ ఆరులో హామ్ రేడియో ముందు కూర్చున్న రమాకాంత్‌కి చిర్రెత్తుకొచ్చింది.

ఉక్కు ప్లాంటులో రిటైరయ్యాక పొద్దున్న ఏడింటికి ఈ సెట్టే అతని లోకం. నాలుగూళ్ళ తెలుగువాళ్ళు రేడియోలో చేరి నోటితోనే కబుర్లాడుకుంటారు. కుమ్హారిలో ఉండే తిరుమలరావు ఒక్కడే ఏనాడూ నోరు విప్పడు. మోర్స్ కీ కొడతాడు, అంతే.

"మైకు లేనోడు మైకు గురించి చెప్తన్నాడేటి!" అన్నాడు రమాకాంత్.

రాయపూర్ నుంచి దుర్గారావు పకపకా నవ్వాడు.

రమాకాంత్ అన్నాడే గానీ, గెయిన్ తగ్గించాడు. చిరుగు పోయింది. పోయిందని ఒప్పుకోడానికి మనసు రావాలి కదా!

మర్నాడు మళ్ళీ పీ పీ.

"గొంతుని గట్టి చేసే ఆ కంప్రెసర్ ఆపండి."

ఆపాడు.

"మైకుకి జానెడు దూరంగా, కాస్త పక్కకి తిరిగి మాట్లాడండి."

మాట్లాడాడు.

"అరే వా! పక్కన కూర్చుని మాట్లాడినట్టున్నాది భయ్యా!" అన్నాడు దుర్గారావు.

తిరుమలరావు మాత్రం ఊరుకోలేదు.

"ఇంకా జీర ఉంది."

రమాకాంత్ కొత్త మైకు కొన్నాడు. ఇంకా జీర ఉంది. సెట్టే మార్చాడు. ఇంకా జీర ఉంది.

ఒకరోజు కీ చాలాసేపు మోగింది.

"లోపం సెట్టులో లేదు. మీ గొంతులో ఉంది. ఈరోజే డాక్టరుకి చూపించండి. దయచేసి."

అందరూ వింటుండగానా! రమాకాంత్‌కి ఒళ్ళు మండిపోయింది.

"నా గొంతుకే వంక పెడతావేటి? ముప్పై ఏళ్ళు మిల్లు హోరులో అరిచిన గొంతిది! దమ్ముంటే మైకు పట్టుకుని మాట్లాడు. లేదంటే నోరు మూసుకో!"



"క్షమించండి" అని కొట్టి ఆగిపోయింది కీ. ఆ తర్వాత మళ్ళీ వినబడలేదు.

ఆరు నెలలకి రమాకాంత్‌కి మంచినీళ్ళు కూడా మింగుడు పడలేదు. భార్య సూర్యావతి పోరి ఆస్పత్రికి తీసుకెళ్ళింది.

"ఆరు నెలల ముందొస్తే గొంతు దక్కేది. ఇప్పుడు స్వరపేటిక తీసెయ్యక తప్పదు" అన్నాడు డాక్టరు.

తీసేశారు.

రమాకాంత్ కుళ్ళికుళ్ళి ఏడ్చాడు. ఆ ఏడుపుకి కూడా చప్పుడు లేదు.

కోలుకోగానే మనవరాలి పలక చంకన పెట్టుకుని సుపేలాలో బస్సెక్కాడు. ఆ మహానుభావుడి కాళ్ళు పట్టుకోవాలి. ఇంక వేరే కోరిక లేదు.

కుమ్హారిలో డాబా మీద ఏరియల్ తీగ చూసి ఇల్లు పోల్చుకున్నాడు. తిరుమలరావు భార్య నూకమ్మ తలుపు తీసింది. ఆమె వెనకాల గోడమీద ఫొటో, దానికి దండ.

"మొన్న మాఘంలో పోయారు బాబూ. తమరెవరు?"

రమాకాంత్ పలక మీద రాశాడు. 'రమాకాంత్. భిలాయి.'

ఆమె అతని మెడకున్న గుడ్డ వంక చూసింది. పలక వంక చూసింది. ఇదేటని అడగలేదు.

"అయ్యో, మీరా బాబూ! డాక్టరు కాడికెళ్ళారో లేదోనని పోయేదాకా బెంగెట్టుకున్నారు. రోజూ మీ గొంతు వినీవోరు. విని ఏడిచీవోరు."

నూకమ్మ లోపలికెళ్ళి, అంచులు అరిగిపోయిన పలకొకటి తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"పదకొండేళ్ళ కిందట గొంతు తీసీసిన కాడినించి ఆయన మాటంటే ఇదే బాబూ."