భుజంతో నెట్టే తలుపు

పాపకి నాన్న ఇక ఎప్పటికీ దొరకడేమోనన్నదే ఆమె భయం. మిగతా భయాలన్నీ దాని తర్వాతే.

పాప పుట్టడానికి నాలుగు రోజుల ముందు పొద్దున్నే పనికి బయలుదేరిన మనిషి మళ్లీ గడప తొక్కలేదు. కిందికి జారి నేలకి రాసుకుంటున్న నీలం తలుపుని సాయంత్రం వచ్చి సరిచేస్తానని చెప్పి మరీ వెళ్లాడు. పాపకి పదో నెల వచ్చింది. తలుపు ఇంకా అలాగే ఉంది.

ఈ శనివారం కూడా ఆ తలుపుని భుజంతో నెట్టుకుని బయటపడింది. పాపని చంకనేసుకుని, పాతనగరం చూసే గుంపులో కలిసింది. ముందు గైడు. వెనకాల, ఎవరూ తప్పిపోకుండా గొడుగు పట్టుకుని నడిచే పెద్దాయన. గైడు అందరినీ పలకరించినట్టే ఆమెనీ, “మొదటిసారా అండీ?” అని పలకరించాడు. అవునంది.

మొదట గోడమీది బొమ్మలు. ఈ వాద్యగాళ్లలో ఒకడికి ఆరువేళ్లు, ఎవడో చెప్పుకోండి చూద్దామన్నాడు గైడు. అందరూ గోడకి ముక్కులు ఆనించారు. ఎడమనుంచి మూడోవాడని ఆమె గొణిగింది. ఎనిమిదో తరగతిలోనే బడి మానేసిన మనిషికి ఇప్పుడు ఈ వీధుల చరిత్రంతా కంఠతా వచ్చు.

“ముందే చూశావామ్మా?” అని పక్కనున్న కళ్లజోడావిడ అడిగింది.

ప్రతి శనివారం వస్తానంది. పాప నాన్న ఇక్కడే తప్పిపోయాడని, వెతుక్కుంటున్నానని చెప్పింది. కళ్లజోడావిడ అయ్యో అనుకుని పాప బుగ్గ నిమిరింది. పోలీసులకి చెప్పావా అంది. చెబితే మాత్రం ఏం లాభం అన్నట్టు ఈమె తల అడ్డంగా ఊపింది.

తర్వాత వయొలిన్లు చేసే దుకాణం. ముసలాయన అప్పుడే తీగలు బిగించి, కమానుతో ఒక్కసారి లాగాడు. పాప కేరింతలు కొట్టింది. ఆమె పాపని ఇంకాస్త పైకెత్తి పట్టుకుంది. గైడు చూసి నవ్వి, మళ్లీ తీగల సంగతిలో పడ్డాడు.

గంటల గోపురం మెట్లు ఎక్కేముందు అందరినీ ఆపాడు.

“జాగ్రత్త, బాగా అరిగిపోయాయి. నిన్న నేనే పడ్డాను.” టోపీ ఎత్తి నుదురు చూపించాడు. కుట్ల గీత ఎప్పుడో తెల్లబడిపోయింది.

“నిన్న పడితే ఇవాళ్టికే మానిపోయిందా? ఆ మందేదో మాకూ చెప్పండి గురూగారూ” అన్నాడొకాయన. అందరూ నవ్వారు. గైడూ నవ్వాడు.

దిగేటప్పుడు గొడుగాయన ఆమె భుజం మీది పాప సంచి అందుకున్నాడు. “ఈపూటకీ ఆశ పెట్టుకోకమ్మా” అన్నాడు మెల్లగా.

“చివరిదాకా చూద్దాం బావగారూ” అంది.

చివరిది పాటల మండువా. నలుగురు పాడుతుంటే నలభైమంది పాడినట్టు మోగుతుంది. పాట అయిపోయింది. చప్పట్లు అయిపోయాయి. గుంపు ఎటువాళ్లటు చెదిరిపోయింది. ఆమె మాత్రం గైడుకి ఎదురుగా, పాప మొహం అతనివైపు తిప్పి, నిలబడింది.

అతను టోపీ తీసి, కొంచెం మొహమాటపడుతూ అన్నాడు: “ఏమీ అనుకోకండి మేడం, మా ఆవిడ నెలలు నిండి ఇంట్లో ఒక్కతే ఉంది, మీరు అటే వెళ్తుంటే మూడో సందులో నీలం తలుపు, ఒక్కసారి తొంగిచూసి వెళ్లరూ, భుజంతో నెడితే తెరుచుకుంటుంది.”