పిల్లికి బట్టతల

"శనివారం మనమంతా అహోబిలం పోతాండాం. ఆ లోపల ఈ గజ్జిపిల్లి నా అంగట్లో కనపడగూడదు. కనపడిందా, గోతంలో కట్టి ఏటికి అవతల ఇడిసిపెట్టి వస్తా!" అన్నాడు సుబ్బరామయ్య.

బియ్యం బస్తా మీద పడుకున్న కాటుకను తమ్ముడు జనార్దనం గబుక్కున ఒళ్లోకి లాక్కున్నాడు. ఆళ్లగడ్డ బజారులో అన్నదమ్ములిద్దరిదీ ఒకటే కిరాణా అంగడి. ఎలుకల నుంచి దాన్ని కాపాడేది కాటుక. పేరుకు తగ్గట్టే నల్లగా నిగనిగలాడుతూ ఉండేది. ఇప్పుడు దాని వీపు మీద అరచేయంత మేర వెంట్రుకలు పోయి తోలు కనపడుతోంది. ఆ మచ్చ వారం వారం పెరుగుతోంది కూడా.

"గజ్జి కాదన్నా, బట్టతల," అన్నాడు జనార్దనం. "నా పక్కలోనే పండుకుంటాది గదా, నాది అంటుకునింది."

రుమాలు తీసి తల చూపించాడు. నలభై ఏళ్లకే గుమ్మడికాయలా తేలిన తల. దాని మీద ఇంకొకరు పరాచికమాడే లోపల తనే ఆడేసుకోవడం అతని అలవాటు. అట్లా అయితే నొప్పి తక్కువ.

అన్న నవ్వలేదు. "దాని వీపు చూసి జనం పక్కంగట్లో బియ్యం కొంటాండారు. శనివారం! అంతే!" అని లోపలికి పోయాడు.

జనార్దనం తనకు తెలిసిన వైద్యమంతా అప్పటికే చేశాడు. వేపనూనె రాశాడు. ఆముదం రాశాడు. కర్నూలు రాజధాని అయినప్పుడు ఆ సంబరంలో తనకోసం కొనుక్కున్న జుట్టు మొలిపించే తైలం కూడా రాశాడు. రాజధాని వచ్చింది, మూడేళ్లుండి హైదరాబాదుకు పోయింది కూడా. ఆ తైలంతో అతని తల మీద మాత్రం ఒక్క వెంట్రుకా రాలేదు. పిల్లి తలరాత అయినా బాగుంటుందేమోనని ఆశపడ్డాడు, అదీ లేదు.

"నంద్యాల పశువుల డాక్టరుకు చూపిచ్చుకోనొస్తా," అని మూత ఉన్న గంప తీశాడు.

భార్య మహానందమ్మ వాకిలికి అడ్డం వచ్చింది. "పిల్లికి డాక్టరేంది? ఊరు నవ్వుతాది. అయ్యే మొలుస్తాయిలే."

"నా తలకూ ఇట్లనే చెప్తివి. నీ మాట నమ్మి పదేండ్ల నుంచీ ఎదురుచూస్తానే ఉండా," అంటూ జనార్దనం బస్సెక్కాడు.

నంద్యాలలో డాక్టరు కాటుకను బల్ల మీద నిలబెట్టి ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"పేలు గానీ పిడుదులు గానీ ఉన్నాయా?"

"లేవు సార్. రోజూ నేనే ఎతుకుతా. నా తల్లో ఎతుక్కునే పని లేదు గదా."

"తిండి ఏమైనా మార్చారా?"

"లేదు సార్. నా పెరుగన్నంలో సగం దానిదే, ఎప్పుడూ."

"ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసిందా? దిగులు పెట్టుకుంటే కొన్ని పిల్లులు ఒళ్లు అదేపనిగా నాక్కుంటాయి. అట్లా కూడా వెంట్రుకలు పోతాయి."

జనార్దనం కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి. రెండు నెలల కిందట విషజ్వరం వచ్చి ఇరవై రోజులు ఒళ్లు తెలియకుండా పడి ఉన్నది అతనే.

"అదే సార్! నాకోసం దిగులు పెట్టుకున్న పానం ఇదొక్కటే. మా ఇంట్లో ఆమె కంట్లో చుక్క నీళ్లు రాలేదంట. గోడకానుకోని నన్ను చూసుకుంటా కూచునిందంట, అంతే!" అని కాటుక తల నిమిరాడు.

డాక్టరు భూతద్దం తెచ్చి వీపంతా పరీక్షగా చూశాడు.

"దిగులూ లేదు, రోగమూ లేదు. ఊడితే కుదుళ్లతో సహా ఊడతాయి. ఇక్కడ కుదుళ్లన్నీ అట్లాగే ఉన్నాయి, కొసలు సమంగా తెగి ఉన్నాయి. దీన్నెవరో కత్తెరతో కత్తిరిస్తున్నారండీ," అన్నాడు.

సాయంత్రం బస్సు దిగి జనార్దనం నేరుగా అంగట్లోకి దూకాడు.

"అన్నా! దీన్ని ఎళ్లగొట్టేదానికి ఇంత పని చేస్తావా? నోరులేని దాని మీద కత్తెర పెడతావా? ఇంగ నీ అంగడి నీది, నా అంగడి నాది!"

"నేనా? దేవుని మీద ఒట్టు! దాన్ని నేను ముట్టుకోను గూడా ముట్టుకోనురా!" సుబ్బరామయ్య గొంతు కూడా లేచింది. బజారులో పోయేవాళ్లు ఆగి చూడసాగారు. ఎన్నేళ్ల నుంచో కలిసి ఉన్న అంగడి ఒక పిల్లి వీపు దగ్గర రెండయ్యేలా ఉంది.

మహానందమ్మ లోపలినుంచి వచ్చింది. పసుపు గుడ్డలో కట్టిన ముడుపొకటి గల్లాపెట్టె మీద పెట్టింది.

"బావను అనాకండి. కత్తిరించింది నేను."

జనార్దనం ముడి విప్పాడు. లోపల పిడికెడు నల్లటి వెంట్రుకలు.

"జొరం తగ్గి మీరు లేసి కూచుంటే మీ తలనీలాలు ఇస్తానని అహోబిలం నరసింహసామికి మొక్కుకుంటి," అంది తల వంచుకుని. "ఒక్కసారే కత్తిరిస్తే దానికి చలి పెడతాదని వారానికింత తీస్తా వచ్చినా. మన పెండ్లినాడు మీ జుట్టు గూడా ఇదే నలుపు. మీకు చెప్తే బాధపడతారని చెప్పలేదు."

సుబ్బరామయ్య నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగాడు. జనార్దనం రుమాలు తీసి తల తడుముకున్నాడు.

"ఈ గుండుకు తలనీలాల మొక్కా! సామి గూడా నవ్వుతాడు గదే! మొక్కే ముందర నా తల దిక్కు ఒక్కసారన్నా చూడకపోతివా?"

"ఇరవై రోజులూ చూస్తానే ఉంటి," అంది మహానందమ్మ. అప్పుడు రాని ఏడుపు ఇప్పుడు తన్నుకొచ్చింది. "మీరు యాడ పోతారో అన్న దిగుల్లో, మీకు జుట్టు లేదన్న సంగతే మర్సిపోతి."