డెబ్బై రెండు వేల కులూంబులు

"మా నాన్న ఆక్సిజన్ మిషన్‌కి ఈ బ్యాటరీ సాయంత్రం దాకా వస్తుందా?" అడిగింది ఆమె.

ఆ రోజు లైన్ల రిపేరుకని పది నుంచి నాలుగు వరకూ కరెంటు తీస్తారు. అంతసేపూ ఇంట్లో ఆ మిషన్ ఆగకూడదు.

షాపాయన డబ్బా మీది చీటీ చూపించాడు.

"మీరే చదువుకోండి. డెబ్బై రెండు వేల కులూంబులు! రేపటి దాకా ఢోకా లేదు."

అంత పెద్ద అంకె చూసేసరికి ఆమె మనసు కుదుటపడింది.

"మీ మిషన్ ఎన్ని ఆంపియర్లు తీసుకుంటుందమ్మా?"

వెనక నిలబడ్డ మనిషి. మాసిన చొక్కా, చేతుల నిండా గ్రీజు.

"ఐదు. ఏం?"

"కులూంబుల్ని మూడువేల ఆరొందలతో భాగిస్తే ఆంపియర్ అవర్లు. ఇది ఇరవై. ఐదు చొప్పున వాడితే నాలుగు గంటలే."

"వచ్చారండీ లెక్కల మాస్టారు!" షాపాయన నవ్వాడు. "ఉన్నది ఇదొక్కటే. తీసుకుంటారా, లేదా?"

"ఇవ్వండి." ఆమె ఆ మనిషి వైపు తిరిగింది. "కొనేటప్పుడు ఆ పాడు మాటలేంటి?"

"మీది ఏ వీధమ్మా?"

"నీళ్ల ట్యాంకు వీధి. వచ్చి ఉద్ధరిస్తారా?"

అతను గడియారం చూసి, గబగబా వెళ్లిపోయాడు.

పదింటికి కరెంటు పోయింది. మిషన్ బ్యాటరీ మీద నడిచింది.

పన్నెండుకు చూస్తే బ్యాటరీ మీది నాలుగు పచ్చ గీతల్లో రెండే మిగిలాయి.

ఆమె కాగితం తీసి భాగించింది. ఇరవై. మళ్లీ భాగించింది. ఇరవయ్యే.

షాపాయన ఫోన్ ఎత్తలేదు. అంబులెన్సు వాళ్లు రెండున్నర అవుతుందన్నారు.

ఒకటిన్నరకు ఎర్రదీపం వెలిగింది.

"ఏంటే, దాన్నలా గుడ్లప్పగించి చూస్తున్నావ్?" అన్నాడు తండ్రి.

"ఏం లేదు నాన్నా."

రెండుకు పది నిమిషాలుండగా ఫ్యాను కదిలింది.

ఆమె నేల మీద కూలబడింది. ఏడుస్తోందో నవ్వుతోందో తనకే తెలియలేదు.

"కరెంటొస్తే ఏడుస్తారటే ఎవరైనా?"

ఆయన మాట వినిపిస్తూనే ఉంది. అదే పదివేలు.

బయట లైన్‌మన్ నిచ్చెన దించుతున్నాడు.

"నాలుగింటికన్నారుగా అన్నా?"

"మా ఫోర్‌మన్ గారు మమ్మల్ని తిండికి కూడా దిగనివ్వలేదమ్మా. ముందు మీ వీధే అన్నారు. ఆయనే స్తంభం ఎక్కేశారు."

"ఎక్కడున్నారు? ఒక్కసారి దండం పెట్టుకుంటాను."

"అయ్యో, ఇప్పుడే జీపులో పై ఊరికి వెళ్లిపోయారు. ఏమైందో ఏమో, పొద్దున బ్యాటరీ షాపు నుంచి పరిగెత్తుకొచ్చిన దగ్గర్నుంచీ ఒకటే మాట, రెండు దాటకూడదని."